బయట వేసిన మంచం

సిరిసిల్లలో ఆ సందు నిండా కిరాయి ఇళ్లే. ఏ ఇంట్లోనైనా మనిషి పోయేలా ఉంటే ముందు రాజమల్లుకు కబురు వచ్చేది. అతను సాంచెలు ఆపి, చేతులకు అంటిన నూలు దుమ్ము దులుపుకుని వెళ్లేవాడు. కరెంటు మగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. వెళ్లి మంచానికి తలవైపు పట్టేవాడు. అటు బరువు ఎక్కువ. పైగా అటు పట్టినవాడికి పడుకున్న మనిషి ముఖం కనిపిస్తూ ఉంటుంది. అందుకని మిగతావాళ్లు కాళ్లవైపుకే చేరేవారు.

మంచాన్ని గడప దాటించి రోడ్డు పక్కన పెట్టేవారు. అంతే పని.

కిరాయికి ఉన్న మనిషి ఇంట్లో ప్రాణం విడిస్తే ఇంటికి కీడు. చెడ్డ నక్షత్రంలో పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలి, అంటే నెలల తరబడి దీపం లేకుండా తాళం వేసి ఉంచాలి. ఇల్లు గలవాడు తన తల్లి పోతే ఆ పని చేస్తాడు. కిరాయివాడి తల్లి కోసం చేయడు. అందుకని ప్రాణం ఉండగానే బయటికి తెస్తారు. ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు. ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు కూడా. అందరికీ తెలుసు.

ముప్పై ఏళ్లలో రాజమల్లు అలాంటి మంచాలు ఏడు మోశాడు. ఆరింటిని మరిచిపోయాడు.

మరిచిపోనిది మొగిలవ్వ మంచం. పన్నెండేళ్ల కిందటి మాట. ఆమె పక్క పోర్షన్‌లో ఉండే ముసలామె. నడుమ గోడ ఒకటే. రాజమల్లు బిడ్డ లత పెళ్లికి ఇంకా ఎనిమిది రోజులు ఉంది. "గోడ అవుతల సావు పడితె మా పెండ్లి ఆగుతది, జర తొందరగ చూడున్రి" అని మొగిలవ్వ కొడుకుతో అన్నది రాజమల్లు భార్య సత్యవ్వే. మంచం లేపినప్పుడు మొగిలవ్వ కళ్లు తెరిచి పైకి చూసింది.

"ఎటు కొంటవోతున్నవ్ కొడుకా?"

"దవాఖానకు," అన్నాడు రాజమల్లు.

ఆమె పడుకునే రెండు చేతులూ జోడించి అతనికి దండం పెట్టింది. మురుగునీళ్ల మోరి పక్కన పొద్దుగూకేదాకా ఉండి ప్రాణం విడిచింది. లత పెళ్లి అనుకున్న ముహూర్తానికే అయింది. వచ్చినవాళ్లంతా భోజనాలు బాగున్నాయన్నారు.

రాజమల్లు పుట్టింది కోరుట్లలో. తండ్రిది గుంట మగ్గం. అది ఆగిపోయాక పందొమ్మిదేళ్లప్పుడు సిరిసిల్ల వచ్చాడు. అప్పటినుంచి పొద్దున ఎనిమిదికి సాంచెల మధ్య నిలబడి రాత్రి ఎనిమిదికి బయటికి వస్తాడు. ఎనిమిది సాంచెలు ఒక్కడే చూసుకుంటాడు. ఎక్కడ పోగు తెగినా ఆ చప్పుడులోనే అతనికి తెలుస్తుంది. మనుషులు మాట్లాడితే మాత్రం రెండోసారి చెప్పాలి. సత్యవ్వ బీడీలు చేస్తుంది. ఇద్దరూ పదకొండు ఇళ్లు మారారు. పదకొండో ఇల్లు రవీందర్‌ది. కింద ముందుభాగంలో అతని సాంచెలు, వెనక రెండు గదుల పోర్షన్, పైన రవీందర్ కుటుంబం. తొమ్మిదేళ్లుగా అక్కడే. రాజమల్లు నడిపేదీ ఆ సాంచెలే. రవీందర్ కూతురుకు తొలి అన్నం ముద్దలు తినిపించింది సత్యవ్వే. అందరూ ఒకే కులం. ఒకే కులగురువు జయంతికి ఒకే పందిరి కింద కూర్చుంటారు.

ఈ ఎండాకాలంలో సత్యవ్వ వంతు వచ్చింది.

కడుపులో గడ్డ. రెండుసార్లు కరీంనగర్ తీసుకెళ్లారు. మూడోసారి డాక్టరు కాగితాలు చేతికిచ్చి, "ఇంటికి తీసుకుపోండి," అన్నాడు. ఎవరింటికని అడగలేదు. రాజమల్లు కూడా చెప్పలేదు.

ఆటో దిగేసరికి రవీందర్ గేటు దగ్గర ఉన్నాడు. ఆ ఏడు హనుమాన్ మాల వేసుకున్నాడు, నలభై ఒక్క రోజుల దీక్ష. కాషాయం లుంగీ, మెడలో పూసలు, నుదుట సింధూరం. మాలలో ఉన్నవాడిని చిన్నా పెద్దా స్వామి అని పిలవాలి. కాళ్లకు మొక్కాలి. పోయిన నెల వరకూ సాంచెల దగ్గర తల్లినీ ఆలినీ కలిపి తిట్టిన నోరు అదే. ఆ లుంగీ కట్టగానే కడిగినట్టు లెక్క.

"మామా, ఏమనుకోకు," అన్నాడు రవీందర్. "అత్త నాకు అమ్మ లెక్క. కని మాల మీదున్న. ఇంట్ల ఏమన్న అయితె మాల తియ్యాలె. ఇయ్యాలటికి ఇరువై దినాలు చేసిన. అంత గంగల కలుస్తది."

"ఎక్కడికి తీస్కపోను రవీందరూ?"

"స్వామి అనాలె మామా."

"ఎక్కడికి తీస్కపోను స్వామీ?"

"చూడు మరి, మీ వాళ్లు లేరా."

రాజమల్లు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. కోరుట్లలో సత్యవ్వ తమ్ముడు జగదీశ్ పోయిన దసరాకు కొత్త ఇంట్లోకి వచ్చాడు. దుబాయిలో పద్నాలుగేళ్లు ఉండి కట్టిన ఇల్లు.

"బావా, అక్క గురించి నా పానం కొట్టుకుంటున్నది," అన్నాడు జగదీశ్. "కని ఇంట్లకు అచ్చి ఏడాది నిండలె. అప్పటిదాక ఇంట్ల ఏం కావద్దని అయ్యగారు గట్టిగ చెప్పిండు."

"ఎన్నడు నిండుతది?"

"దసరాకు."

దసరాకు ఇంకా అయిదు నెలలుంది.

"పండ్లు పంపుత బావా," అన్నాడు జగదీశ్. మరునాడు కోరుట్ల బస్సులో దానిమ్మపండ్ల సంచి వచ్చింది. సత్యవ్వకు మెతుకు దిగడం లేదు. పండ్లు రవీందర్ పూజగదికి పోయాయి.

జగిత్యాల నుంచి లత వచ్చింది. వాళ్లదీ కిరాయి ఇల్లే. తల్లి కాళ్లు ఒత్తింది, ఏడ్చింది. సాయంత్రం బస్సుకు ముందు తండ్రిని పక్కకు పిలిచింది.

"బాపూ, మా ఇంటామె ముందుగాల్నే చెప్పింది. పొయ్యి చూసి రా గని తోల్కరాకు అన్నది."

"నేను అడగలె కద బిడ్డా," అన్నాడు రాజమల్లు.

ఇంటికి తెచ్చిన మూడో రోజు పొద్దున సత్యవ్వకు ఎగశ్వాస వచ్చింది. కళ్లు తేలేసింది. రాజమల్లు తనే వెళ్లి ముగ్గురిని పిలుచుకొచ్చాడు. ముందు ఆమెను మంచం మీద నుంచి నేలకు దించారు. ధర్మపురి నుంచి తెచ్చిన గోదావరి నీళ్ల సీసా ఒకటి ఎవరింట్లోనో ఉంటే తెచ్చి, తులసి ఆకుతో నోట్లో పోశారు. మళ్లీ మంచం మీదికి చేర్చి, గడప దాటించి, రోడ్డుకు అవతల ఖాళీ ప్లాటు గోడను ఆనించి పెట్టారు. పక్కనే మోరి. పైన ఎరువుల సంచులు కలిపి కుట్టిన పరదా కట్టారు. తలవైపు పట్టింది రాజమల్లే. ఆ చోటు వదలమని అతనికి ఎవరూ చెప్పలేదు.

అందరూ చుట్టూ నిలబడ్డారు. రవీందర్ పైనుంచి రెండుసార్లు అడిగాడు. "అయిందా?"

కాలేదు. నాలుగు గంటలకు సత్యవ్వ కళ్లు తెరిచింది. పరదా వంక చూసింది. చుట్టూ ఉన్నవాళ్లను చూసింది.

"చాయి పొయ్యున్రి జర," అంది.

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. పోయే మనిషిని బయటికి తేవడం అందరికీ వచ్చు. తెచ్చాక పోని మనిషిని ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

రవీందర్ జగిత్యాలలో ఉండే పురోహితుడు అయ్యగారికి ఫోన్ చేశాడు. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టాడు.

"ప్రాణం ఉన్నదా?" అడిగాడు అయ్యగారు.

"ఉన్నది. చాయి తాగింది."

"తీర్థం పోసిన్రా?"

"పోసినం."

"గడప దాటించిన్రా?"

"దాటిచ్చినం."

కాసేపు ఫోనులో కుక్కర్ కూత వినిపించింది. "దాటించినాక మళ్ల లోపలికి ఎట్ల తెస్తరు స్వామీ? పోయిన మనిషి తిరిగొచ్చినట్టైతది ఇంటికి. శాంతి చేయించాలె. మీరు మాల తీసినంక చూద్దాం."

"అప్పటిదాక?"

"అప్పటిదాక భగవంతుని దయ."

"నేను బతికున్ననా సచ్చిననా గది గూడ అడుగున్రి," అంది సత్యవ్వ మంచం మీద నుంచి. "ఏదో ఒకటి తెలిస్తె గట్లనే ఉంట."

రాజమల్లు ఆ రాత్రి నుంచి మంచం పక్కన సంచి పరుచుకున్నాడు. పొద్దున సాంచెలకు పోయి నడుమ నడుమ వచ్చి చూసేవాడు. అతను ఇంట్లోకి పోవచ్చు. ప్రతిసారీ తలమీద నీళ్లు పోసుకుని పోవాలి. గంజి కాచి తెచ్చి తాగించేవాడు. ఇరుగుపొరుగు కూడా తెచ్చేవారు. గిన్నెను రెండు బారల దూరంలో నేలమీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, "అత్తా, తిను" అని వెళ్లిపోయేవారు. వాళ్లలో కొందరి తల్లుల మంచాలు అతను మోసినవే.

వైశాఖం ఎండ. పరదా కింద పెనం మీద ఉన్నట్టు ఉండేది. మోరిలో బట్టల సబ్బు నీళ్లూ బియ్యం కడిగిన నీళ్లూ కలిసి నల్లగా కదలకుండా నిలిచేవి. ఈగలు మోరి మీద నుంచి లేచి సత్యవ్వ పెదవుల మూలల్లో వాలేవి. మలమూత్రాలకు రాజమల్లు చీర అడ్డం పట్టుకుని నిలబడేవాడు. సందులో బండి మీద పోయేవాళ్లు అప్పుడే హారన్ కొట్టేవారు. ఆమె కళ్లు మూసుకునేది. నలభై ఏళ్లు ఆమె కొంగు తలమీద నుంచి జారడం ఎవరూ చూడలేదు.

బయటికి తెచ్చిన నాలుగో రోజు రవీందర్ తల్లి రాజలక్ష్మి మజ్జిగ చెంబుతో రోడ్డు దాటి వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. చెంబు కింద పెట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని తనే తాగించింది.

"వానికి చెప్పిన సత్తెవ్వా. ఇంటలేడు."

"నీకేందక్కా, నీ జాగ పైన ఖరారైంది. నడి ఇంట్ల పోతవ్."

"ఏమో. వాని పెండ్లాం మొన్న నా జన్మ నక్షత్రం అడిగింది."

ఇద్దరూ నవ్వారు. సత్యవ్వకు నవ్వితే కడుపు పట్టేసింది. రాజలక్ష్మి తిరిగి వెళ్లేసరికి కోడలు గేటు దగ్గర బకెట్టుతో నిలబడి ఉంది. ఆమెను కట్టుబట్టలతో అక్కడే తడిపి లోపలికి రానిచ్చింది. రాజలక్ష్మి తర్వాత బాల్కనీలోంచి చూసేది. మంచం దగ్గరికి మళ్లీ రాలేదు.

ఒక మధ్యాహ్నం సత్యవ్వ అడిగింది. "మొగిలవ్వ ఎంతసేపున్నది బయట?"

"పొద్దుగూకేదాక."

"నయం." తల గోడవైపు తిప్పుకుంది. "నేనే అన్న కద, తొందరగ చూడున్రని."

రాజమల్లు అట్టముక్కతో ఈగలు తోలుతున్నాడు.

"తిట్టు నన్ను," అంది.

"నేను మోసిన," అన్నాడు అతను.

పదకొండో రోజు పొద్దున ఆమె అతన్ని దగ్గరికి పిలిచింది. చెవి దగ్గర పెట్టి వినవలసినంత చిన్న గొంతు. "నాకు తానం జెయ్యాలనున్నది. నా మీద నాకే వాసనొస్తున్నది. తలుపున్న కాడ జెయ్యాలె. ఒక్కసారి. మల్ల ఈడనే పండుకుంట."

పదకొండు రోజుల్లో ఆమె అడిగింది ఆ ఒక్కటే. రాజమల్లు వెళ్లి రవీందర్‌ను అడిగాడు. రవీందర్ గేటుకు మామిడాకులు కట్టిస్తున్నాడు.

"ఇయ్యాలనే దొరికిందా మామా నీకు? ముప్పై మంది స్వాములకు భిక్ష పెడుతున్న. అందరు అస్తున్నరు. రేపు చూద్దాం."

"రేపటికి ఉంటదో ఉండదో."

"ఉండకపోతె ఇంక తానం ఎందుకు?"

అది కోపంగా అన్న మాట కాదు. లెక్క ప్రకారం అన్నాడు. అని మళ్లీ తోరణం వైపు తిరిగాడు.

పన్నెండు గంటలకు స్వాములు వచ్చారు. ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా షామియానా. కింద పట్టాలు పరిచి వరసగా కూర్చున్నారు. వాళ్లకు మంచం కనపడకూడదని రవీందర్ మనుషులు మధ్యలో తెల్లగుడ్డ కట్టారు. ఆ గుడ్డను రాజమల్లు చూడగానే గుర్తుపట్టాడు. తన ఆరో సాంచె మీద నేసిన బట్ట తాను. నడుమ రెండు పోగులు తెగి, తను చూసుకునేలోపు గజాల కొద్దీ గీత పడింది. పనికిరాదని పక్కన పడేసిన గుడ్డ అది. ఇప్పుడు పనికొచ్చింది.

గుడ్డకు అటు స్తోత్రం చదివారు. పులిహోర, బూరెలు, రెండు కూరలు. వడ్డించేవాళ్లు ప్రతి విస్తరి ముందూ వంగి, "స్వామీ, ఇంకొంచెం" అంటున్నారు. మొదటి వరస లేచింది. తిన్న విస్తర్లు ఎప్పుడూ ఆ ఖాళీ ప్లాటు గోడ పక్కనే వేస్తారు. ఆ రోజూ అక్కడే వేశారు. గుడ్డ పక్కనుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ముఖం తిప్పుకుని విసిరారు. సాంబారు మంచం కాళ్ల కిందికి పారి మోరిలో కలిసింది. కుక్కలు వచ్చాయి. ఒక కుక్క విస్తరిని సత్యవ్వ మంచం కిందికి లాక్కుని నాకుతోంది. ఆమె కాలు కదిపి అదిలించబోయింది. కాలు లేవలేదు. రాజమల్లు గోడకు ఆనుకుని నిలబడి ఇదంతా చూశాడు. కడుపులో ఏమీ లేకపోయినా ఓకరింపు వచ్చింది.

రెండో వరస సగం భోజనంలో ఉండగా గాలి లేచింది. గుడ్డ ఒక కొస ఊడి పైకి ఎగిరింది. ఎదురుగా కూర్చున్న స్వామి ఒకడు మంచాన్నీ, మంచం మీది మనిషినీ, కిందనున్న కుక్కనూ చూశాడు. చేతిలో ముద్ద విస్తరిలో వదిలి లేచాడు. అతని పక్కవాడూ లేచాడు.

రవీందర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"మామా, మంచం జర అటు జరుపు. సందు చివరికి, చెత్తకుండి అవుతలకు. భిక్ష అయ్యేదాక."

రాజమల్లుకు వినపడలేదనుకున్నాడేమో, మళ్లీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, నచ్చజెప్తున్నట్టు అన్నాడు. "నీకు అలవాటే కద మామా, మంచాలు మోసుడు."

రాజమల్లు మంచం తలవైపు వెళ్లాడు. వంగాడు. మంచం పట్టె పట్టలేదు. ఒక చెయ్యి సత్యవ్వ వీపు కిందికీ ఇంకో చెయ్యి మోకాళ్ల కిందికీ పోనిచ్చి లేపాడు. నూలు కట్టంత బరువు కూడా లేదు. ఆమె భయపడి అతని బనీను పట్టుకుంది. గుడ్డ పక్కకు తోసి, షామియానా కిందికి, స్వాముల రెండు వరసల మధ్యకు నడిచాడు.

"మామా," అన్నాడు రవీందర్. ఎదురుగా వచ్చాడు. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సత్యవ్వ చీరకు జానెడు దూరంలో ఆగింది. ముట్టుకుంటే మాల పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆపున్రి, ఎవరన్న ఆపున్రి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ముప్పై మంది మగవాళ్లు ఉన్నారు అక్కడ. అందరూ మాలలో ఉన్నవాళ్లే. ఒక్కొక్కరూ లుంగీ అంచు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగారు. విస్తర్లు తొక్కుకుంటూ జరిగారు. దారి దానంతటదే అయింది.

గేటు దాటాడు. పోర్షన్ గడప దాటాడు. వీపుతో తలుపు నెట్టి లోపలి గొళ్లెం పెట్టాడు.

బాత్రూంలో పీట వేసి ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. బకెట్టు దగ్గరికి జరిపాడు. చెంబు చేతికి ఇచ్చాడు.

"నేను పోసుకుంట," అంది సత్యవ్వ. "నువ్వు బయటుండు. తలుపు దగ్గరికి వెయ్యి."

తలుపు వేసి నిలబడ్డాడు. వెనక కిటికీ దగ్గరకు రవీందర్ వచ్చి అరిచాడు. "మంచిగ చెప్తున్న మామా, తియ్యి. ఇల్లు మొత్తం పాడైతది." ఎవరో అతన్ని పిలిచారు. వెళ్లిపోయాడు. కాసేపటికి భజన మొదలైంది, మునుపటికన్నా గట్టిగా. లోపల చెంబు బకెట్టుకు తగిలింది. నీళ్ల చప్పుడు. ఆగి, మళ్లీ.

ఎదుటి గోడకు క్యాలెండర్ ఉంది. రాజమల్లు దాని దగ్గరికి ఎప్పుడు వెళ్లాడో అతనికే తెలియదు. వేలితో ఆ రోజు గడి వెతికాడు. దొరికింది. గడి అడుగున చిన్న అక్షరాలు. అక్కడే నక్షత్రం ఉంటుంది.

"ఏం జేస్తున్నవ్?" లోపలి నుంచి అడిగింది సత్యవ్వ.

"ఏం లేదు."

"నక్షత్రం చూస్తున్నవా?"

గడి మీద ఆనిన తన వేలిని చూశాడు. మోరి దగ్గర వచ్చిన ఓకరింపు మళ్లీ వచ్చింది. ఈసారి అది బయటివాళ్ల వల్ల రాలేదు.

"చూస్తున్నవ్," అంది ఆమె. "ఏమున్నది?"

"కండ్లద్దాలు లేవు. కనపడ్తలేదు."

నీళ్ల చప్పుడు లేదు. తర్వాత మళ్లీ చెంబు మునిగింది.

"ఇంకో రెండు చెంబులు పోసుకుంట," అంది.

అతను క్యాలెండర్‌ను మేకు మీద నుంచి తీసి, మడిచి, ఆమె బీడీల తునికాకు కట్టల కింద పెట్టాడు.

సత్యవ్వ ఆ ఇంట్లో మరో ఆరు రోజులు ఉంది. రాజమల్లు సాంచెలకు పోలేదు, తలుపు గొళ్లెం తీయలేదు. లత వచ్చినప్పుడు ఒకసారి, రాజలక్ష్మి కోడలి కన్నుగప్పి వచ్చినప్పుడు ఒకసారి తీశాడు. ఏడో రోజు పొద్దున, ముందుభాగంలో వేరేవాళ్లు సాంచెలు నడుపుతుండగా పోయింది.

రవీందర్ మాలకు ఏమీ కాలేదు. భిక్ష నాటి సాయంత్రమే అతను వేరే స్వామి ఇంటికి మారాడు. నలభై ఒకటో రోజు కొండగట్టు హనుమంతుడి గుడికి కాలినడకన వెళ్లి మాల తీసి వచ్చాడు. ఆమె పోయిన నక్షత్రం రాజమల్లు చూడలేదు. రవీందర్ చూశాడు. పోర్షన్‌కు ఆరు నెలలు తాళం పడింది.

రాజమల్లు ఇప్పుడు వేరే సందులో, వేరే ఆసామి సాంచెల మీద ఉన్నాడు. ఇది పన్నెండో ఇల్లు. మంచం ఎత్తడానికి రమ్మని ఇప్పటికి రెండుసార్లు కబురు వచ్చింది. వెళ్లలేదు. వేరేవాళ్లు ఎత్తారు.